టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) పెద్దగా మారలేదు, అయినా ఎస్టీపీలో (మురుగునీటి శుద్ధి ప్లాంటులో) స్లడ్జ్ (బ్యాక్టీరియా బురద) దిగట్లేదు. కారణం ఏమై ఉంటుంది?

హరలూరు రోడ్డు సెక్రటరీ:

నమస్కారం. మాది బెంగళూరు హరలూరు రోడ్డులో 180 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. నేను అసోసియేషన్ సెక్రటరీని. చదివింది కామర్స్. ఎస్టీపీ గురించి తెలిసిందంతా ఈ పదవి నాకు అంటగట్టాక వాసన పీలుస్తూ నేర్చుకున్నదే, కాబట్టి మాటల్లో తేడా వస్తే సరిదిద్దండి.

ప్లాంటు రోజుకు 90 వేల లీటర్లది. పాత పద్ధతే: మురుగు చేరే కలెక్షన్ ట్యాంకు, గాలి ఊదే ఏరేషన్ ట్యాంకు, స్లడ్జ్ అడుగుకి దిగే సెటిలింగ్ ట్యాంకు, ఆ తర్వాత సాండ్ ఫిల్టర్, కార్బన్ ఫిల్టర్. శుద్ధి అయిన నీళ్లు ఫ్లష్‌లకు, తోటకు పోతాయి. కావేరి కనెక్షన్ మాకింకా కాగితం మీదే ఉంది, ఇళ్లలో వాడేదంతా బోరు నీళ్లే. వాటి హార్డ్‌నెస్ 620. గీజర్లు మాటిమాటికీ పాడవుతున్నాయని, షవర్లు తెల్లగా పూడుకుపోతున్నాయని జనరల్ బాడీలో గొడవ చేసి, ఈ వేసవిలో బిల్డింగ్ మొత్తానికి పెద్ద సాఫ్ట్‌నర్ పెట్టించారు. ఇప్పుడు కుళాయిలో హార్డ్‌నెస్ 50. అందరూ హ్యాపీ.

ఆ తర్వాత కొన్ని వారాలకే కింద బేస్‌మెంట్‌లో తేడా మొదలైంది. మా ఆపరేటర్ రోజూ ఏరేషన్ ట్యాంకు నీళ్లు లీటరు సిలిండర్‌లో పోసి అరగంట కదలకుండా ఉంచి చూస్తాడు. ఇదివరకు స్లడ్జ్ 300 గీత దాకా దిగేది, పైన నీళ్లు తేటగా ఉండేవి. ఇప్పుడు 620 దగ్గరే ఆగిపోతోంది. పైన నీళ్లు మసకగా ఉంటున్నాయి, సిలిండర్ వెనక పేపరు పెడితే అక్షరాలు కనిపించవు. ఎంఎల్‌ఎస్‌ఎస్ (ఏరేషన్ ట్యాంకులో లీటరుకు ఉన్న స్లడ్జ్, మిల్లీగ్రాముల్లో) 3,400, అది మారలేదు. బ్లోయర్లు బాగున్నాయి, డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) 2 పైనే. కానీ సాండ్ ఫిల్టర్‌ని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బ్యాక్‌వాష్ చేయాల్సి వస్తోంది. స్లడ్జ్‌లో నీళ్లు పిండే ఫిల్టర్ ప్రెస్‌లో కేకు గట్టిపడకుండా గుడ్డకి అంటుకుంటోంది, పాలిమర్ (ముద్ద కట్టించే మందు) రెట్టింపు పోసినా అంతే. ఫ్లష్‌లో రంగు నీళ్లు వస్తున్నాయని వాట్సాప్ గ్రూపు నిండా ఫొటోలు. టెన్షన్ అంతా నాకే.

ప్లాంటు చూసుకునే కాంట్రాక్టరు, "జనం బాత్రూం క్లీనర్లు ఎక్కువ పోస్తున్నారు మేడమ్, బ్యాక్టీరియా చచ్చిపోతోంది, కొత్త కల్చర్ కొనండి" అంటున్నాడు. సాఫ్ట్‌నర్ వల్ల కావచ్చా అని అడిగితే, ఎస్టీపీలోకి వచ్చే నీళ్ల టీడీఎస్ రిజిస్టర్ తెరిచి చూపించాడు. ముందు 1,150, ఇప్పుడు 1,220. "ఈ 70కి ఏమవుతుంది మేడమ్?" అన్నాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. మీలో ఎవరి దగ్గరైనా ఉందా?

హోసూరు రోడ్డు ఆపరేటర్:

అక్కా, సాఫ్ట్‌నర్ రీజనరేషన్ నీళ్లు (దాన్ని మళ్లీ పనికి సిద్ధం చేయడానికి కడిగిన ఉప్పునీళ్లు) ఎక్కడికి పోతున్నాయో ముందు చూడండి. నేను పనిచేసే ఒకచోట ప్లంబరు ఆ పైపుని నేరుగా కలెక్షన్ ట్యాంకుకి కలిపేశాడు. అర్ధరాత్రి రీజనరేషన్ అయ్యేది, తెల్లారి చూస్తే సెటిలింగ్ ట్యాంకులో స్లడ్జ్ మొత్తం పైకి వచ్చేది. ఉప్పునీళ్లు బరువు కదా, అడుగున దూరి స్లడ్జ్‌ని లేపేస్తాయి. పగలు మీటరు పెడితే దొరకదు, రాత్రి పెట్టాలి. పైపు మార్చేదాకా బెల్లం, పేడనీళ్లు వేసి ఎలాగో నడిపాం.

హరలూరు రోడ్డు సెక్రటరీ:

థాంక్స్ తమ్ముడూ. ఆ జాగ్రత్త ముందే తీసుకున్నాం. రీజనరేషన్ నీళ్లు విడిగా ఒక సంపులో పట్టి ట్యాంకర్‌లో పంపించేస్తున్నాం. (ఆ ట్యాంకర్ ఎక్కడ ఖాళీ అవుతుందో అడిగే ధైర్యం మా కమిటీలో ఎవరికీ లేదు, అది వేరే కథ.) పాత పైపు మూసేసి ఉంది, నేనే దిగి చూశాను. రోజుకు ఒకటిన్నర బస్తా, అంటే 75 కిలోల ఉప్పు పడుతోంది. అందులో చిటికెడు కూడా ఎస్టీపీకి రావట్లేదు.

పీణ్య ల్యాబ్:

సెక్రటరీ గారూ, మీ ఆఖరి వాక్యం దగ్గరే తీగ దొరికింది. చిటికెడు కాదు, ఆ ఉప్పులో ఉన్న సోడియం సగం దాకా మీ ఎస్టీపీకే వస్తోంది. రీజనరేషన్ పైపు గుండా కాదు, మీ ఇళ్లలో కుళాయిల గుండా.

నేను పీణ్యలో నీటి పరీక్షల ల్యాబ్‌లో కెమిస్టుని. అపార్ట్‌మెంట్ల శాంపిళ్లు రోజూ చూస్తాను కాబట్టి లెక్క వేసి చెబుతున్నా. సాఫ్ట్‌నర్ నీళ్లలోని ఉప్పుని తగ్గించదు, మారకం చేస్తుంది. కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని వాటి బదులు సోడియం వదులుతుంది. హార్డ్‌నెస్ 620 నుంచి 50కి తెచ్చారంటే 570 పోయింది. హార్డ్‌నెస్‌ని కాల్షియం కార్బనేట్‌గా లెక్కకడతారు కాబట్టి దాన్ని 50తో భాగిస్తే లీటరుకు 11.4 మిల్లీ ఈక్వివలెంట్లు (బరువు కాదు, విద్యుదావేశాల లెక్క). అంతే సోడియం నీళ్లలోకి రావాలి, అంటే లీటరుకు 260 మిల్లీగ్రాములు. ఫ్లష్‌లు పోను మీ వాడకం రోజుకు 60 వేల లీటర్లు అనుకుంటే దాదాపు 16 కిలోల సోడియం. 75 కిలోల ఉప్పులో సోడియం 29 కిలోల పైచిలుకు. సగం ఎలా వచ్చిందో చూశారుగా. మిగతా సగం, ఊడదీసిన కాల్షియం, మెగ్నీషియం మీ సంపులోకి పోతాయి.

ఇప్పుడు టీడీఎస్ సంగతి. లీటరుకు 260 మిల్లీగ్రాముల సోడియం కలిసింది, 190 దాకా కాల్షియం, మెగ్నీషియం పోయాయి. తేడా 70. అందుకే మీ కాంట్రాక్టరు రిజిస్టర్‌లో టీడీఎస్ పెద్దగా మారినట్టు కనిపించదు. మీటరు నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో కొలిచి దాన్ని టీడీఎస్‌గా చూపిస్తుంది. ఆ కరెంటు మోసేది కాల్షియమా, సోడియమా అన్నది దానికి పట్టదు. స్లడ్జ్‌కి మాత్రం చాలా పట్టింపు.

ఎందుకంటే స్లడ్జ్ దిగాలంటే బ్యాక్టీరియా ఒక్కొక్కటిగా ఉంటే చాలదు, ముద్ద కట్టాలి. దాన్నే ఫ్లాక్ అంటాం. ముద్ద కట్టడానికి బ్యాక్టీరియా తమ చుట్టూ ప్రొటీన్లు, చక్కెర గొలుసులతో ఒక జిగురు వదులుతుంది. ఆ జిగురు మీద రుణ విద్యుదావేశం ఉంటుంది, అంటే ఒక పోగు ఇంకో పోగుని తోసేస్తుంది. రెండు ధన ఆవేశాలున్న కాల్షియం మధ్యలో నిలబడి చెరో పోగునీ పట్టుకుంటుంది. సోడియానికి ఉన్నది ఒకే ఆవేశం, అది ఇద్దరిని కలపలేదు. నీళ్లలో సోడియం ఎక్కువై కాల్షియం తగ్గేకొద్దీ ఆ పట్టు సడలి, ముద్దల అంచులు రాలి, విడి బ్యాక్టీరియా పైన తేలుతూ ఉండిపోతుంది. మీ సిలిండర్‌లో మసక అదే. మిగిలిన ముద్ద నీళ్లు పట్టుకుని ఉబ్బి ఉంటుంది, అందుకే ప్రెస్‌లో కేకు గట్టిపడదు. మీరు కేకు సంగతి రాయకపోతే నేను ఇంత గట్టిగా చెప్పేదాన్ని కాదు.

మాది అనంతపురం జిల్లా. చౌడు నేల చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. వానపడితే నీళ్లు ఇంకకుండా పైనే నిలబడే ఆ మట్టి జబ్బు కూడా సోడియమే. బంకమట్టి రేణువుల్ని విడగొడుతుంది. రైతులు జిప్సం ఎందుకు చల్లుతారు? కాల్షియం వెళ్లి సోడియాన్ని తోసేయడానికి. అక్కడ మట్టి, ఇక్కడ స్లడ్జ్, లోపల జరిగే పని ఒకటే.

దీనికి ఒక కొలత ఉంది. హిగ్గిన్స్, నోవాక్ 1997లో చూపించినది: సోడియం, పొటాషియం, అమ్మోనియం కలిపిన మొత్తాన్ని కాల్షియం, మెగ్నీషియం మొత్తంతో భాగించాలి. మిల్లీగ్రాముల్లో కాదు, ఈక్వివలెంట్లలో. ఆ నిష్పత్తి 2 దాటితే స్లడ్జ్ దిగడం, నీరు వదలడం రెండూ చెడతాయి. 2 దాటగానే అన్ని ప్లాంట్లూ కూలిపోతాయని కాదు. ఇనుము, అల్యూమినియం బాగా ఉన్న స్లడ్జ్ కొంత తట్టుకుంటుంది.

ఇంకో అనుమానం తీర్చుకోవాలి. స్లడ్జ్ దిగకపోవడానికి పోగుల్లా పెరిగే ఫిలమెంట్ బ్యాక్టీరియా కూడా కారణం అవుతుంది. మీ ఎస్‌వీఐ (అరగంట దిగాక ఒక గ్రాము స్లడ్జ్ ఆక్రమించే చోటు, మిల్లీలీటర్లలో) లెక్కేస్తే అప్పుడు 88, ఇప్పుడు 182. ఈ అంకె ఒక్కటీ చూస్తే ఎవరైనా ఫిలమెంట్ అనే అంటారు. కానీ ఫిలమెంట్ అయితే స్లడ్జ్ నెమ్మదిగా దిగినా పైన నీళ్లు మామూలుగా తేటగానే ఉంటాయి, ఆ పోగులు చిన్న రేణువుల్ని జల్లెడ పట్టేస్తాయి కాబట్టి. మీకు దిగడమూ లేదు, తేటా లేదు. అయినా మైక్రోస్కోప్ కింద ఒకసారి చూపించండి, ఖర్చు ఎక్కువేం కాదు.

కల్చర్ మాత్రం ఇప్పుడే కొనకండి. ట్యాంకులో 3,400 ఉండగా ఇంకో పాకెట్ వేసి ఏం సాధిస్తారు? బ్యాక్టీరియా చచ్చిందో లేదో బయటికొచ్చే నీళ్లలో అమ్మోనియా చెబుతుంది. లోపలికొచ్చే నీళ్లలో సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, అమ్మోనియా, బయటికెళ్లేవాటిలో అమ్మోనియా చేయించి ఇక్కడ పెట్టండి. శాంపిల్ ఒక్కసారి ముంచి తీసింది వద్దు, రోజంతా గంటగంటకీ పట్టి కలిపినది కావాలి.

అంబత్తూరు నుంచి:

నేను చెన్నైలో పల్లావరం వైపు తోళ్ల పరిశ్రమల నీళ్లు శుద్ధి చేసే చోట చాలాకాలం పనిచేశాను. పచ్చితోళ్లు కుళ్లకుండా ఉప్పు పట్టించి తెస్తారు. వాటిని నానబెట్టిన మొదటి నీళ్లు విడిగా తీసి ఎండలో ఆవిరి చేసినా, మిగతా నీళ్లలో టీడీఎస్ వేలల్లోనే. మీ 1,220 చూసి ముందు నవ్వొచ్చింది. కానీ పీణ్య మేడమ్ చెప్పింది సరే. ఉప్పు ఎంత అన్నది ఒక సంగతి, ఏ ఉప్పు అన్నది ఇంకో సంగతి. మూడోది ఎంత తొందరగా మారింది అన్నది.

మా దగ్గర ఎక్కువ ఉప్పు ఉన్న రోజు గొడవ ఉండేది కాదు, బ్యాక్టీరియా అలవాటుపడిపోయి ఉంటుంది. ఐప్పసి, కార్తీక మాసాల (అక్టోబరు నుంచి డిసెంబరు దాకా) వానలకి వాననీళ్లు కలిసి ఉప్పు ఒక్కసారిగా సగానికి పడిపోయిన రోజు చూడాలి. ఉప్పులో బతికే కణం బయట నీటికి తగ్గట్టు లోపల సరిచేసుకుని ఉంటుంది. బయట హఠాత్తుగా పలచబడితే నీళ్లు లోపలికి చొరబడి కణం ఉబ్బి పగులుతుంది. మర్నాడు ట్యాంకు నిండా నురగ, నీళ్లు మసక. ఉప్పు హఠాత్తుగా పెరిగినా దెబ్బే, అప్పుడు నీరు బయటికి లాగేసి కణం ముడుచుకుంటుంది. ముందు పోయేవి ప్రోటోజోవాలు (బ్యాక్టీరియా కన్నా పెద్దవైన ఏకకణ జీవులు). విడి బ్యాక్టీరియాని తినేది అవే కాబట్టి అవి పోతే స్లడ్జ్ చక్కగా దిగినా పైన నీళ్లు తేటపడవు. మా సిలిండర్లో ఎస్‌వీఐ 60, 70 వచ్చిన రోజుల్లో కూడా అవుట్‌లెట్ చూసి ఇన్‌స్పెక్టర్ మొహం చిట్లించేవాడు.

ఇంకో రెండు మాటలు, మీ కాంట్రాక్టరు మున్ముందు తెస్తాడని. ఉప్పు వల్ల నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, కొత్త బ్లోయర్ కావాలి అనవచ్చు. 25 డిగ్రీల దగ్గర మంచినీళ్లలో 8.3 మిల్లీగ్రాముల దాకా కరిగితే, సముద్రపు నీళ్లలో కూడా 6.7 పైనే కరుగుతుంది. మీ 1,220కి తేడా లెక్కలోకే రాదు. అలాగే ఆ సంపులో ఉప్పునీళ్లకి సీఓడీ (నీళ్లలో కాలుష్యాన్ని కొలిచే పరీక్ష) చేయించి "చూడండి ఎంత కాలుష్యమో" అంటే నమ్మకండి. ఆ పరీక్షలో వాడే డైక్రోమేట్ క్లోరైడ్‌ని కూడా తినేసి అంకె పెంచుతుంది. మెర్క్యురిక్ సల్ఫేట్ వేసి దాన్ని కట్టడి చేస్తారు గానీ, క్లోరైడ్ లీటరుకు 2,000 మిల్లీగ్రాములు దాటితే మామూలు పద్ధతి పనికిరాదు.

హరలూరు రోడ్డు సెక్రటరీ:

రిపోర్టులు వచ్చాయి. లోపలికొచ్చే నీళ్లలో సోడియం 372, పొటాషియం 20, అమ్మోనియా నైట్రోజన్ 42, కాల్షియం 18, మెగ్నీషియం 7. బయటికెళ్లే నీళ్లలో అమ్మోనియా 2. అన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో. మైక్రోస్కోప్ చూసినావిడ "ఫిలమెంట్లు కొద్దిగా, ముద్దలు చిన్నవి, అంచులు చిరిగినట్టున్నాయి, విడి బ్యాక్టీరియా ఎక్కువ" అని రాసిచ్చారు. సాఫ్ట్‌నర్ ముందటి మురుగునీళ్ల రిపోర్టు లేదు గానీ బోరు నీళ్ల పాత రిపోర్టు ఉంది: కాల్షియం 140, మెగ్నీషియం 65, సోడియం 60.

మేడమ్, మీరు చౌడు నేల అనగానే మా మామయ్య గుర్తొచ్చారు, ఆయనా జిప్సం బస్తాలు దించేవారు. మరి మేమూ జిప్సమే వేసేస్తే సరిపోదా?

పీణ్య ల్యాబ్:

లెక్క చూడండి. సోడియం 372ని 23తో భాగిస్తే 16.2. పొటాషియం 0.5. అమ్మోనియా 3. మొత్తం 19.7. కిందివైపు కాల్షియం 0.9, మెగ్నీషియం 0.6, మొత్తం 1.5. నిష్పత్తి 13. అమ్మోనియా ఏరేషన్ ట్యాంకులో ఎలాగూ నైట్రేట్‌గా మారిపోతుంది కదా అని తీసేసినా 11. సాఫ్ట్‌నర్ లేనప్పుడు మీ బోరు నీళ్లతో అదే లెక్క వేస్తే 0.7 దాటదు. అమ్మోనియా 42 నుంచి 2కి దిగిందంటే బ్యాక్టీరియా నిక్షేపంగా ఉంది, ముద్ద కట్టలేకపోతోంది అంతే. నైట్రిఫికేషన్ చేసే (అమ్మోనియాని నైట్రేట్‌గా మార్చే) బ్యాక్టీరియా అన్నిటికన్నా సున్నితం, క్లీనర్ల దెబ్బ తగిలితే ముందు పడకేసేవి అవే.

జిప్సం వద్దండి. కాల్షియంతో పాటు సల్ఫేట్ వస్తుంది. గాలి తగలని స్లడ్జ్ హోల్డింగ్ ట్యాంకులో అది హైడ్రోజన్ సల్ఫైడ్ అవుతుంది. ఇప్పుడు ఫ్లష్ రంగు గురించి వచ్చే ఫొటోలకి కుళ్లిన గుడ్ల వాసన ఫిర్యాదులు తోడవుతాయి.

మందు వేయడం కన్నా ముందు సాఫ్ట్‌నర్ పక్కన బైపాస్ వాల్వ్ తిప్పండి. కుళాయిలో హార్డ్‌నెస్ 50 ఎవరడిగారు? తాగే నీళ్ల ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారమే 200 దాకా మంచివి, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. కొంత బోరు నీళ్లు నేరుగా కలిపి 250 దగ్గర ఉంచితే నిష్పత్తి 2.9కి దిగుతుంది, ఉప్పు ఖర్చు మూడో వంతు తగ్గుతుంది. గీజర్ల మీద పొర హార్డ్‌నెస్ 620 ఉన్నప్పుడు ఉన్నంత ఉండదు, అసలు ఉండదని మాత్రం మాటివ్వకండి. కావేరి నీళ్లు వచ్చి సాఫ్ట్‌నర్‌కి పనే తగ్గితే ఇంకా మంచిది.

మిగతాది సున్నంతో సరిచేయవచ్చు. మీ 90 వేల లీటర్లకి లీటరుకు 1.5 మిల్లీ ఈక్వివలెంట్ల కాల్షియం కలపాలంటే రోజుకు 5 కిలోల మంచి తడిసున్నం చాలు. నిష్పత్తి 2.3 దగ్గరికి వస్తుంది. నైట్రిఫికేషన్ తినేసే ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా ఆపే క్షారగుణం) కూడా కొంత తిరిగొస్తుంది. కాల్షియం క్లోరైడ్ కూడా పనిచేస్తుంది, పీహెచ్ బెడద ఉండదు, కానీ డబ్బూ ఎక్కువ, తోటకు వెళ్లే నీళ్లలో క్లోరైడూ ఎక్కువ. మీ తోట మీద ఇప్పటికే సోడియం నీళ్లు పడుతున్నాయి, ఆకుల అంచులు మాడుతున్నాయేమో చూడండి. పైగా శుద్ధి అయిన నీళ్లు ఫ్లష్‌లోంచి మళ్లీ ఎస్టీపీకే వస్తాయి. మీ దగ్గర లోపలికొచ్చే దానిలో మూడో వంతు అలా తిరిగొచ్చిందే, కాబట్టి ఇళ్లలో కలిసే ఉప్పు ఒకటికి ఒకటిన్నర అయి కూర్చుంటుంది. బయాలజీ ఉప్పుని తీయదు.

మొత్తం ప్లాంటు మీద ప్రయోగం చేయడానికి కమిటీ జంకితే రెండు బకెట్లు, చేపల తొట్టికి పెట్టే గాలి పంపు తెచ్చుకోండి. రెండింట్లోనూ మీ స్లడ్జే, రోజూ మీ మురుగునీళ్లే. ఒకదానికి మాత్రం కొంచెం కాల్షియం క్లోరైడ్ కలిపి వేయండి. వారం పోయాక రెండిటినీ సిలిండర్లలో పోసి జనరల్ బాడీలో పెట్టండి, నిష్పత్తి గురించి ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

తొందర మాత్రం పడకండి. మీలాంటి ప్లాంటులో స్లడ్జ్ వయసు మూడు నాలుగు వారాలు ఉంటుంది. చెడడానికి ఎంత పట్టిందో బాగుపడటానికీ దాదాపు అంతే. ఈలోగా పాలిమర్ కొద్దిగా వేసుకుని సెటిలింగ్ ట్యాంకుని నడిపించండి.

హోసూరు రోడ్డు ఆపరేటర్:

మేడమ్, సున్నం ఎక్కడ వేయాలి? మా దగ్గర ఒకసారి కలెక్షన్ ట్యాంకులో బస్తా విప్పి పోశారు, పంపు ఇంపెల్లర్ గట్టిపడి కూర్చుంది.

పీణ్య ల్యాబ్:

కలెక్షన్ ట్యాంకులో వద్దు, ఏరేషన్ ట్యాంకులోకి నీళ్లు పడే చోట వేయండి. డ్రమ్ములో నీళ్లలో కలిపి, గుడ్డలో వడకట్టి (నాసిరకంలో ఇసుక ఉంటుంది), కుళాయి కొద్దిగా తిప్పి పగలంతా సన్నగా పడనివ్వాలి. ఒకేసారి పోస్తే అక్కడికక్కడ పీహెచ్ లేచి కాల్షియం కార్బనేట్‌గా గడ్డకట్టిపోతుంది, స్లడ్జ్‌కి దక్కదు. ట్యాంకులో పీహెచ్ 8 దాటకుండా చూసుకోండి. కళ్లద్దాలు, గ్లౌజులు లేకుండా ఆ డ్రమ్ము దగ్గరికి వెళ్లొద్దు.

హరలూరు రోడ్డు సెక్రటరీ:

బైపాస్ వాల్వ్ ఉంది, ఇన్‌స్టాల్ చేసినప్పుడే పెట్టి తాళం వేశారట. ఆదివారం కమిటీ మీటింగ్‌లో 250 అని తీర్మానం పెడుతున్నా. మూడో అంతస్తు షవర్ బృందం ఒప్పుకోదు, అందుకే బకెట్లు ఇవాళే మొదలుపెట్టించాను. సిలిండర్ అంకెలు వచ్చాక ఇక్కడే రాస్తాను.